నొక్కుకుపోయింది

మా పాస్టర్ శ్రీనివాసరావు గారి ఎడమ చెయ్యి గురించి మా సంఘంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆయన కుడిచేత్తో మైకు పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టగానే ఎడమ చెయ్యి వీపు వెనక్కి వెళ్తుంది. ముందు కూర్చున్న నాలుగు వందల మందికి అది కనబడదు. వెనకాల కీబోర్డు దగ్గర కూర్చున్న నాకు మాత్రమే కనబడుతుంది. ఒక వేలు చూపిస్తే మెల్లగా వాయించాలి. రెండు వేళ్లయితే పెంచాలి. పిడికిలి బిగిస్తే ఉన్నచోటే పట్టి ఉంచాలి. అరచెయ్యి తెరిస్తే ఆపెయ్యాలి. పాస్టర్ కాకముందు ఆయన గచ్చిబౌలిలో పదమూడేళ్లు ప్రాజెక్ట్ మేనేజరుగా చేశారు. పని ఎవరికి ఎలా చెప్పాలో బాగా తెలుసు.

ఇందులో మోసం ఉందని తొందరపడకండి. నేనే పదిహేనేళ్లు అలా అనుకోలేదు. ప్రార్థన జరుగుతుంటే కింద సన్నగా సంగీతం నడవడం ఇప్పుడు అన్ని సంఘాల్లోనూ ఉన్నదే. నడిచి నడిచి జనానికి ఎంత అలవాటైందంటే, కరెంటు పోయి కీబోర్డు ఆగిపోతే దేవుడు కూడా లేచి వెళ్లిపోయినట్టు కళ్లు తెరిచేస్తారు.

మా హాలు మణికొండ పైప్‌లైన్ రోడ్డులో, ఫర్నిచర్ షోరూము పైన మూడో అంతస్తులో ఉంది. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు గొడవ పెట్టుకోకుండా కిటికీలన్నీ నల్ల ఫోముతో మూసేశారు. లోపలికి అడుగుపెడితే బయట ఎండో వానో తెలియదు. పైగా నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఆదివారం మూడు ఆరాధనలూ అయ్యేసరికి, నన్ను ఎవరో డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు ఉంటుంది.

వారంలో ఐదు రోజులు ఇంకో డబ్బా. హైటెక్ సిటీలో ఒక గేమ్ కంపెనీలో నేను సౌండ్ డిజైనర్ని. ఒకే రంగు పూసలు మూడు కలిపితే పేలిపోయే ఆట ఒకటి ఉంది, మీ ఫోనులోనూ ఉండే ఉంటుంది. ఆడేవాడు విసుగొచ్చి ఫోను పక్కన పెట్టబోయే సమయానికి, ఇంకొక్కసారి ఆడదామనిపించే చప్పుడు చెయ్యడం నా ఉద్యోగం. దానికో చిట్కా ఉంది. నడుస్తున్న స్వరాలనే ఉన్నట్టుండి అర శ్రుతి పైకి జరపాలి. మనిషి ప్రాణం కూడా దానితోపాటు పైకి లేస్తుంది. ఎందుకు లేస్తుందో నాకు తెలియదు, మా డేటా టీముకీ తెలియదు. పనిచేస్తుంది, అంతే.

ఆ చిట్కాని ప్రార్థనలో వాడకూడదని నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. పాటల్లో వాడతాను, పాట పాటే కదా. మనుషులు కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడుకుంటున్నప్పుడు మాత్రం వాడను. నేను ఉపవాసాలు ఉండను, తెల్లారి లేచి వాక్యం చదవను, జీతంలో పదోవంతు ఇచ్చే దశమభాగం సంగతి అడగొద్దు. నా భక్తి అంటూ ఏదైనా ఉంటే అది ఆ ఒక్క నియమంలోనే ఉండేది. దాన్ని గురించి ఎవరికీ చెప్పలేదు, నా భార్యకి కూడా.

నా భార్య పేరు కెజియా. నర్సాపురం వైపు అమ్మాయి, నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ టెస్టరు. ఇంటర్ చదివేటప్పటి నుంచి తనకి ఫిట్స్. ఉదయం ఎనిమిదికి ఒక మాత్ర, రాత్రి ఎనిమిదికి ఒక మాత్ర. వాటి పుణ్యమా అని మూడేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. పిల్లల కోసం చూసుకోవాలంటే ముందు మాత్ర మార్చాలి, మెల్లగా చూద్దాం, మీ అంతట మీరు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు అన్నారు డాక్టరు గారు. ఆ మెల్లగా అన్న మాట కెజియాకి ముల్లులా గుచ్చుకుంది. తన చెల్లెలికి ఇద్దరు పిల్లలు.

మాత్ర మరిచిపోకుండా తన ఫోనులో అలారం నేనే చేసి పెట్టాను. మూడే స్వరాలు. మూడోది కొంచెం ఆలస్యంగా పడుతుంది, ఎవరో తలుపు దగ్గర నిలబడి, పిలవాలా వద్దా అని ఆలోచించి పిలిచినట్టు. ఆఫీసులో అది మోగితే "కెజియా, మీ ఆయన పిలుస్తున్నాడు" అని ఆటపట్టిస్తారట. తను ఆ మాట నాకు చెప్పినప్పుడల్లా నాకు లోపల సంబరంగా ఉండేది. కోట్లమంది ఫోనుల్లో నా చప్పుళ్లు మోగుతున్నాయి గాని, వాటిలో నాకు గర్వంగా ఉన్నది అదొక్కటే.

ఇక ఆ ఆదివారం సంగతి. రెండో ఆరాధనలో స్వస్థత ప్రార్థన. పాస్టర్ గారు పిడికిలి బిగించి ఉన్నారు, పట్టి ఉంచమని. ఏసీ సరిగ్గా నా చేతుల మీదికే కొడుతోంది, వేళ్లు కొయ్యబారాయి. చప్పుడు కొంచెం ఎక్కువైనట్టనిపించి వాల్యూమ్ తగ్గించబోయాను. నా కీబోర్డులో వాల్యూమ్ కిందే శ్రుతి మార్చే బటన్ ఉంటుంది. ఉంగరం వేలు దానికి తగిలింది. నాకు తెలియలేదు. తర్వాతి స్వరాలు నొక్కేసరికి మొత్తం సంగీతం అర శ్రుతి పైన పలికింది.

హాల్లో నాలుగు వందల మంది ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు ఇయర్‌ఫోన్లు దాటి వినబడింది. వెనక వరసల్లో ఎవరో బావురుమన్నారు. "ఇదిగో! ఇప్పుడే! ఆయన ఇప్పుడే వచ్చాడు! రోగం ఉన్నచోట చెయ్యి పెట్టుకోండి!" అని పాస్టర్ గారు కేక పెట్టారు. ఆయన నటించలేదు. ఎడమ చెయ్యి నాకేమీ చూపించడం లేదు, దానంతటది వణుకుతోంది. మూడో వరసలో కెజియా తలమీద చెయ్యి పెట్టుకుంది. నవ్వుతూ, ఏడుస్తూ, కుర్చీల మధ్య కూలబడిపోయింది.

చెవిలో మా గిటారిస్టు లోహిత్ గొంతు. "అన్నా, ఏ శ్రుతిల ఉన్నవ్? జర చెప్పు, నేను పాత దాంట్లనే ఉన్న." లోహిత్ మా విశ్వాసి కాదు. శనివారం పబ్‌లో వాయిస్తాడు, ఆదివారం మా దగ్గర వాయిస్తాడు, రెండుచోట్లా జనం చేతులు పైకెత్తుతారన్నా అని నవ్వుతాడు. వాడికి ఒకటిన్నర శ్రుతి అని సైగ చేసి, అక్కడే కొనసాగించాను. వెనక్కి దించితే జనం కింద పడతారేమో అనిపించింది.

ఆ రోజు రాత్రి ఎనిమిది దాటినా అలారం మోగలేదు.

"అలారం మోగలేదేంది?" అన్నాను.

"తీసేశానండీ." కెజియా సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "తలమీంచి అరికాళ్ల దాకా వేడినీళ్లు పోసినట్టయింది నాకు. ఆ సంగీతం ఒక్కసారి పైకి లేచింది చూశారా, సరిగ్గా అప్పుడే. మీరు వాయిస్తూ ఉన్నారు కదా, మీకేం అనిపించలేదా?"

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. కాని ఆ ముఖం నేను మా పెళ్లిలో కూడా చూడలేదు. బడికెళ్లే పిల్ల ముఖం అది, జబ్బు రాకముందుది. ఆ ముఖాన్ని పాడుచెయ్యడానికి మనసొప్పలేదు.

"అనిపించింది" అన్నాను. పిరికితనం అంటారా, అనండి.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. స్వస్థత పొందినవాళ్లు వెంటనే సాక్ష్యం చెప్పకూడదు. ఇరవై ఒక్క రోజులు దేవుని దగ్గర కనిపెట్టి, అంటే ప్రార్థనలో ఎదురుచూసి, ఇరవై ఒకటో రోజున స్టేజీ ఎక్కి చెప్పాలి. ఆ రోజు తమ మాత్రలు తెచ్చి పాస్టర్ గారి ముందు బల్లమీద పెడతారు. కెజియా మాత్రల అట్టలన్నీ ఒక కవరులో వేసి, తన ప్రార్థన కుర్చీ పక్కన పెట్టుకుంది. ఇరవై ఒకటో రోజు కూడా ఆదివారమే పడింది.

నాలుగు రోజులు ఊపిరి బిగబట్టి తిరిగాను. తను స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడేవాడిని. పొద్దున తన స్కూటీ గేటు దాటితే, నానక్‌రామ్‌గూడ చేరానని మెసేజ్ వచ్చేదాకా నా పని ముందుకు కదిలేది కాదు. ఐదో రోజు శుక్రవారం, సెల్లార్లో తను హెల్మెట్ పెట్టుకుంటుంటే ఇక ఆగలేకపోయాను.

"కెజియా, ఆ రోజు సంగీతం లేచింది చూడు. అది దేవుడు కాదు. వాల్యూమ్ తగ్గియ్యబోతే శ్రుతి బటన్ నొక్కుకుపోయింది. పొరపాటైంది, అంతే. నువ్వు మాత్రలు ఏసుకో."

తను హెల్మెట్ తీసేసింది. "నొక్కుకుపోయిందా?"

"అవును."

"మీరు నొక్కలేదా?"

"లేదు. ప్రార్థనల నేనెందుకు నొక్కుత?"

"ఇన్నేళ్ల నుంచి వాయిస్తున్నారు కదా. ఎప్పుడైనా అలా నొక్కుకుపోయిందా?"

"లేదు."

"మరి?" అంది. కళ్లనిండా నీళ్లు, ముఖమంతా నవ్వు. నా రెండు చేతులూ పట్టుకుని, ఆ ఉంగరం వేలు వెతికి, కళ్లకద్దుకుంది. "దేవా, ఎంత మంచివాడివి! ఈయన చేతే చేయించావా!"

మన భాషలో ఇదొక సౌకర్యం. గ్లాసు పగలగొట్టి పగిలిపోయింది అంటాం. కూర మాడబెట్టి మాడిపోయింది అంటాం. నోటికొచ్చింది తిట్టి, ఏదో మాట వచ్చేసింది అంటాం. చేసినవాడు మెల్లగా పక్కకి తప్పుకుంటాడు. ఖాళీ అయిన ఆ చోట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకోవచ్చు. నేను నిజమే చెప్పాను, ఆ నిజంలో చోటు ఖాళీగా ఉంది, మా ఆవిడ అందులో దేవుణ్ణి కూర్చోబెట్టింది.

మధ్యాహ్నానికల్లా పాస్టర్ గారి ఫోను. "తమ్ముడూ, సిస్టర్ కెజియా అంతా చెప్పింది. ఇరవై ఒకటో రోజున మీరిద్దరూ కలిసి చెప్పాలి సాక్ష్యం. నీ వేలి సంగతి నువ్వే చెప్పాలి."

మర్నాడు శనివారం ప్రాక్టీసుకి అందరికంటే ముందే వెళ్లాను. ఆయన హాలు పక్క చిన్న గదిలో అల్లం టీ తాగుతున్నారు. నాకూ ఒక కప్పులో పోశారు. అరవాలని వెళ్లినవాడిని, ఆ టీ పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

"అన్నా, ఆమె మాత్రలు మానేసింది. ఏమన్నా అయితే ఎట్ల?"

"మాత్రలు మానమని నేనెప్పుడైనా చెప్పానా? స్టేజీ మీద ఒక్కసారైనా విన్నావా?"

"లేదన్నా."

"చెప్పను. మానినవాళ్లని వేసుకోమనీ చెప్పను. ఆమెకీ దేవుడికీ మధ్య దూరడానికి నేనెవర్ని?"

"కాని అది దేవుడు కాదన్నా, బటన్. నొక్కుకుపోయింది."

ఆయన కప్పు కింద పెట్టారు. నావైపు చాలా ప్రేమగా చూశారు, అదే వచ్చిన చిక్కు. "మధుకర్, ఒక్క మాట సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. నువ్వు నొక్కావా, నొక్కుకుపోయిందా? నువ్వు కావాలని నొక్కి ఉంటే ఇప్పుడే చెప్పు. నీ ముందే ఆమెకి ఫోన్ చేస్తాను. అమ్మా, అది మీ ఆయన చేసిన పని, మాత్రలు వేసుకో అని నేనే చెప్తాను. దొంగ సాక్ష్యం నా స్టేజీ ఎక్కడానికి వీల్లేదు."

ఒక్క మాట. నేనే నొక్కాను అంటే సరిపోయేది. కాని అంటే ఏమవుతుంది? పదిహేనేళ్లుగా ప్రార్థనలో దొంగాట ఆడినవాడిని అవుతాను. అది నేను చెయ్యలేదు. చెయ్యకుండా ఉండటం ఒక్కటే నేను దేవుడికి ఇచ్చింది. అది కూడా లేదని నా నోటితో నేనే చెప్పాలా?

"నొక్కలేదన్నా" అన్నాను.

"మరి ఇంకేంటి?" అని ఆయన నవ్వి నా భుజం తట్టారు. ఇంట్లో ఒక మరి, ఇక్కడ ఒక మరి. టీ చల్లారిపోయింది. అవతల హాల్లో లోహిత్ వచ్చి గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు.

పదకొండో రోజు గురువారం. సాయంత్రం ఏడు గంటలప్పుడు కెజియా సింకు దగ్గర బియ్యం కడుగుతోంది. నేను వెనక ఉల్లిపాయలు తరుగుతున్నాను. నీళ్లు పడుతున్న చప్పుడు మారింది. నిండిన గిన్నెలో పడే నీటి చప్పుడు వేరు, పొర్లే నీటి చప్పుడు వేరు. తలెత్తి చూస్తే కొళాయి ధారగా పోతోంది, గిన్నె ఒక పక్కకి ఒరిగింది, బియ్యం సింకులోకి కొట్టుకుపోతున్నాయి. తను గోడని చూస్తూ నిలబడి ఉంది. కింది పెదవి సన్నగా కదులుతోంది.

"కెజియా." పలకలేదు. "కెజియా!" పలకలేదు. మూడోసారి భుజం పట్టుకున్నాను.

"ఊఁ?" అంది. కొంచెంసేపటికి, "ప్రార్థన చేసుకుంటున్నానండీ."

సింకులోకి చూసింది. బియ్యం అక్కడికి ఎలా వచ్చాయని నన్ను అడగలేదు. రెండు చేతులతో తోడి గిన్నెలో వేసుకోవడం మొదలుపెట్టింది.

"ఇది అదే కెజియా. నీకు కూడ తెలుసు."

"కాదు. ఇది శోధన. ఇరవై ఒక్క రోజులు పూర్తయ్యేదాకా శోధనలు ఉంటాయి. నమ్మి నిలబడాలి." బియ్యం గిన్నె గట్టుమీద పెట్టింది. "ఇప్పుడు వేసుకుంటే ఆయన ఇచ్చింది వద్దని వెనక్కిచ్చినట్టే కదండీ. మళ్లీ ఇస్తాడా?"

దవాఖానకి ఫోన్ చేశాను. వెంటనే మాత్ర వెయ్యండి, ఉదయం తీసుకురండి అన్నారు. తను మాత్ర వేసుకోనంది, రానంది. మర్నాడు స్కూటీ తాళం నా బ్యాగులో వేసుకుని ఆఫీసుకి వెళ్లిపోయాను. తను బస్సెక్కింది. నేను అద్దాల గదిలో కూర్చుని పూసలు పేలే చప్పుడు రోజంతా విన్నాను. అర శ్రుతి పైకి. మళ్లీ అర శ్రుతి పైకి. సాయంత్రానికి నాకు ఒకటి అర్థమైంది. నిజం చెప్పి ఆమెని కాపాడలేను. నిజం దేవుడి వైపు ఉంది. నా దగ్గర మిగిలింది అబద్ధం ఒక్కటే.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చెప్పాను.

"నీకు అబద్ధం చెప్పిన కెజియా. అది నొక్కుకుపోలేదు. నేనే నొక్కిన. కావాలనే."

తను నన్ను కాసేపు పరీక్షగా చూసింది. "ఎందుకు?"

"అది నా పని కదా." ల్యాప్‌టాప్ తెరిచి ఆటలో గెలిచినప్పుడు వచ్చే చప్పుడు వినిపించాను. ఒకసారి మామూలుగా, ఒకసారి అర శ్రుతి పైకి లేపి. "ఇగో, ఇదే. ఎక్కడ లేపితే జనం ఏడుస్తరో నాకు తెలుసు. ప్రతి ఆదివారం చేస్త. అందరికి చేస్త."

"నేను నమ్మను" అంది. "నా చేత మాత్ర వేయించడానికి ఎంతకైనా తెగిస్తారు మీరు." లేచి రెండడుగులు నడిచి ఆగింది. అప్పుడు నా భార్య ముఖంలోకి టెస్టరు వచ్చింది. "మా ఆఫీసులో ఎవరైనా ఫలానా తప్పు వస్తోంది అంటే ఒక్కటే అడుగుతాం. మళ్లీ చేసి చూపించమంటాం. చేసి చూపించగలిగితే అది మనిషి పని. ఒక్కసారి వచ్చి మళ్లీ రాకపోతే, అదెవరి పనో మాకు తెలియదని రాసి మూసేస్తాం. చేసి చూపించండి."

"ఏది?"

"ఆ ఆదివారం ఏం వాయించారో అదే. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాను. ఆ వేడి మళ్లీ వస్తే మీరు చెప్పింది నిజం. రాకపోతే నా ముందు ఇంకెప్పుడూ మాత్రల మాట ఎత్తకండి."

డైనింగ్ టేబుల్ మీద కీబోర్డు పెట్టాను. తను తన ప్రార్థన కుర్చీ తెచ్చి, నాకు వీపు పెట్టి కూర్చుని, తలమీద చున్నీ కప్పుకుంది. ఎండ కర్టెన్ అంచులోంచి వస్తోంది. బయట మా లిఫ్టు తలుపు మూయమని ఎవరినో బతిమాలుతోంది. ఎవరో మూశారు. నేను మొదలుపెట్టాను.

జీవితంలో అంత బాగా నేను ఎప్పుడూ వాయించలేదు. చూసి వాయించడానికి ముందు ఏ ఎడమ చెయ్యీ లేదు. కెజియా వీపు ఉంది, ఆమె ఊపిరి ఉంది. ఊపిరి ఎక్కడ పొడుగవుతుందో విని అక్కడ ఆగాను, ఎక్కడ తెగుతుందో విని అక్కడ అందుకున్నాను. ఈ పిల్లకి ఏమీ కాకూడదు అని తప్ప నా లోపల ఇంకో మాట లేదు. తను నా ముందు ఏదో గొణుక్కుంటోంది, వెనక నేనూ గొణుగుతున్నానని కాసేపటికి గాని నాకు తెలియలేదు. ఇది పనిచెయ్యాలి. ఇది పనిచెయ్యకూడదు. రెండూ అడిగాను. ఎవరిని అడిగానంటే ఏం చెప్పను?

ఇక్కడ, అనిపించింది. ఉంగరం వేలు చాచి బటన్ నొక్కాను. తర్వాతి స్వరాలు అర శ్రుతి పైన పలికాయి.

అప్పుడు గదిలోకి ఎవరో వచ్చి నిలబడ్డారు. దీన్ని ఇంతకంటే సరిగ్గా చెప్పడం నాకు రాదు. తిరిగి చూడాలనిపించింది, చూడటానికి భయం వేసింది. నా అరికాళ్ల దాకా వేడి దిగింది. పదిహేనేళ్లు జనాన్ని ఏడిపిస్తూ వెనక పొడికళ్లతో కూర్చున్నవాడిని, కీబోర్డు మీద నా కన్నీళ్లు టపటపా పడ్డాయి. అలా రావడం మామూలే అయితే ఇన్నాళ్లూ నాకెందుకు రాలేదు?

కెజియా చెయ్యి తలమీదికి వెళ్లింది. ఆ చేతిమీద సన్నటి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"ఆపండి" అంది.

తను ఇటు తిరిగేలోపల నేను చొక్కా చేతికి ముఖం తుడుచుకున్నాను. ఆ తుడుచుకోవడంలోనే మొత్తం అబద్ధం ఉంది. తను చూసి ఉంటే ఏమయ్యేదో తెలియదు.

"వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది" అంది. "సరిగ్గా అలాగే వచ్చింది."

చున్నీ తలమీంచి తీసి ఒళ్లో మడతపెట్టుకుంది. తర్వాత నా ముఖంలోకి చూడకుండా అడిగింది. "అమ్మ పోయినప్పుడు నాకు రెండు రోజులు ఏడుపు రాలేదు. సమాధి దగ్గర మీ నాన్నగారి హార్మోనియం మీద ఆ పాత కీర్తన వాయించారు. అప్పుడు ఏడ్చాను నేను. అది కూడా ఇలాగేనా?"

మా అత్తగారు పుణ్యవతమ్మ నన్ను సొంత కొడుకులా చూసుకుంది. ఆ రోజు ఆ హార్మోనియం బాలానగర్ నుంచి ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. మా నాయన లేత్ మిషన్ మీద పని చేసొచ్చిన చేతులతో వాయించినది అది. నాకే దుఃఖం ఆగక రెండుచోట్ల తప్పు మెట్లు నొక్కాను. ఏ చిట్కా లేదు, ఏ లెక్కా లేదు. ఆ మాట చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. కాని చెబితే? ఒక్కచోట నిజం ఉందంటే, ఆ ఆదివారం కూడా నిజమేమో అంటుంది. తను టెస్టరు. చిన్న సందు దొరికితే చాలు, అందులోంచి మళ్లీ మాత్రలు మానేస్తుంది.

"అవును" అన్నాను. "అది కూడా."

తను తలూపింది. లేచి కవరులోంచి ఒక అట్ట తీసి, చించి, మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. నేను టేబుల్ దగ్గరే కూర్చున్నాను, కీబోర్డు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"అలారం మళ్లీ పెట్టండి" అంది నా ముందు ఫోను పెడుతూ. "మీరు చేసింది వద్దు. ఫోనుతో వచ్చింది పెట్టండి."

పాస్టర్ గారికి కూడా నేనే నొక్కానని చెప్పాను. ఆయన అన్న మాట ప్రకారమే కెజియాకి ఫోన్ చేసి, మాత్రలు మానొద్దమ్మా అన్నారట. నన్నేమీ తిట్టలేదు. "కొన్నాళ్లు కింద కూర్చో తమ్ముడూ" అన్నారు, అంతే. ఇప్పుడు ఆదివారం నేను నాలుగు వందల మందిలో ఒకడిని. అక్కడి నుంచి చూస్తే ఆయన ఎడమ చెయ్యి కనబడదు. కీబోర్డు దగ్గర కొత్తగా ఒకాయన వచ్చారు, బాగానే వాయిస్తారు. ప్రార్థనలో సంగీతం లేవగానే కెజియా నా పక్కనుంచి లేచి బయటికి వెళ్లి, ఫర్నిచర్ షోరూము మెట్ల మీద కూర్చుంటుంది. ఇంట్లో ప్రార్థన కుర్చీ ఉంది, తను అందులో ఆరిన బట్టలు వేస్తోంది.

ఫిట్స్ రాలేదు. స్కూటీ మళ్లీ తీసింది.

రాత్రి ఎనిమిదికి ఫోను మోగుతుంది. ఎవరు చేశారో తెలియని చప్పుడు, ఎవరినీ పిలవదు. కెజియా వంటింట్లోకి వెళ్లి మాత్ర వేసుకుంటుంది. నొక్కుకుపోయింది కెజియా, నిజంగానే నొక్కుకుపోయింది, అని రోజూ నా నోటిదాకా వస్తుంది. తను నీళ్లు తాగడం పూర్తయ్యేదాకా ఆగుతాను. తర్వాత ఫోను అందుకుని, నేనే నొక్కి, అలారం ఆపేస్తాను.